మాట చెల్లని నగరం

తలుపు మూసుకుంది. మామూలు తలుపా అది, ఐసు గిడ్డంగికి ఉండాల్సినంత మందం, చెవుల పరీక్ష చేసే ఆ బక్కపలచని అమ్మాయి భుజం ఆనించి తోస్తేగాని కదల్లేదు. కదిలి, చప్పుడు లేకుండా అతుక్కున్నాక లోకం మొత్తం అవతలే ఉండిపోయింది, ఇవతల మిగిలిందల్లా ఒక కుర్చీ, గోడల నిండా గళ్లుగళ్లుగా బూడిదరంగు మెత్తలు, ఎదురుగా అవతలి గది కనపడేట్టు ఒక అద్దపు కిటికీ, చెవులమీద రెండు చిప్పలు, పిడికిట్లో తీగ వేలాడే బటను, వీటన్నిటి మధ్య ఫొటోకి కూర్చున్నంత నిటారుగా ఆమె. వినపడితే నొక్కండమ్మా, వినపడకపోతే ఊరుకోండి, అంతే, అంది ఆ అమ్మాయి. అంతేనట. వినపడకపోతే ఊరుకోవడం ఆమెకు కొత్తగా ఒకరు నేర్పాలా, ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పని అదేగా, కాకపోతే ఊరుకున్నట్టు కనపడకుండా ఊరుకోవడం, తల ఊపుతూ ఊరుకోవడం, నవ్వుతూ ఊరుకోవడం, అందులో డిగ్రీలిస్తే ఈపాటికి ఇంటి గోడకు మేకులు చాలేవి కావు. ఈ గదిలో నిశ్శబ్దానికి మనుషులు బెదిరిపోతారట, ఒకాయన తన గుండె తనకే వినపడి, ఎవరో తరుముకొస్తున్నారనుకుని తలుపు బాదాడట, భయమేస్తే చెయ్యెత్తండి అని కూడా చెప్పింది. భయమా, ఎవరికి, ఏ నిశ్శబ్దానికి? ఆమె చెవుల్లో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. షెడ్డు వదిలి ఆమె వచ్చేసినా అవి మాత్రం వెంటబడి వచ్చేశాయి, పొమ్మన్నా పోని చుట్టాల్లాగా, టకాటకా టకాటకా, తిండి దగ్గరా అవే, పక్కమీదా అవే, ఇప్పుడీ మెత్తల గదిలోనూ అవే. ఆ టకాటకాల సందులోంచి ఎక్కడో సన్నగా ఒక కూత, అది మిషను కూతా తన చెవి కూతా, ఏమో, నొక్కేద్దామా, నొక్కేసింది.

నొక్కాలి మరి. ఈ పరీక్ష గట్టెక్కితే నగరం, తప్పితే ఇసుక. అలా అని ఎవరూ అనలేదు, ఆమే మనసులో పందెం కట్టుకుంది. షెడ్డులో ఆమెది నేత, మొగుడిది మగ్గాల మరమ్మతు, అందరికీ ఆయన మేస్త్రీ. ఇద్దరూ ఒకేరోజు పని మానుకున్నారు. మానుకున్న ప్రతివాళ్లకీ షెడ్డువాళ్లు ఇచ్చేది గోడ గడియారం. ఒకే ఇంట్లో రెండు గడియారాలు పెడితే అవి కూడా మొగుడూ పెళ్లాల్లా ఒకదాని మాట ఒకటి ఒప్పుకోవని ఎవరో అన్నారట, సరే అయితే ఇద్దర్నీ కలిపి విమానం ఎక్కిద్దామని అందరూ తలాకాస్తా వేసుకుని ఎదురువీధి ట్రావెల్స్ ఆవిడకు కట్టేశారు. రెండు దారులున్నాయండీ అందావిడ, ఒకటి సముద్రపు ఒడ్డు, గదిలోంచి కాలు బయటపెడితే నీళ్లే, ఇంకోటి పరాయిదేశపు మహానగరం, బయటపెడితే కాలు పెట్టడానికి చోటుండదు, ఏదో ఒకటి శనివారం సాయంత్రం కొట్టు కట్టేసేలోగా చెప్పండి, ఆపైన సీట్లు నా చేతిలో ఉండవు. రెండు బొమ్మలు చేతిలో పెట్టింది. ఆ బొమ్మలు ఇంటికొచ్చి, బల్లమీద కూర్చుని, ఇద్దరి మధ్యా అగ్గి రాజేశాయి.

"నగరంలో ఏముందే, నడవడం తప్ప? మగ్గానికీ మగ్గానికీ మధ్య మనం నడిచింది చాలదా?"

"సముద్రంలో ఏముందయ్యా, తడవడం తప్ప?"

"హాయిగా కూర్చోవచ్చు. ఆ కుర్చీల గుడ్డ చూడు, చారలు చూడు, అది మన షెడ్డు నేతే. మన గుడ్డ మీద మనం కూర్చుంటాం, ఎవడేమంటాడు?"

"ఈ కాఫీకొట్టు పందిరి గుడ్డ కూడా మన నేతే. నేను దాని కింద కూర్చుంటా."

"చారల గుడ్డ కింద కూర్చుంటే ఎండ చారలుచారలుగా పడుతుంది. వచ్చేసరికి జీబ్రావైపోతావు, విమానంలో ఎక్కనివ్వరు."

నవ్వొచ్చింది, నవ్వింది కూడా, ఆయన దగ్గర ఉన్న చిక్కే అది, కోపం తెచ్చుకుందామని నడుం కట్టుకునేలోపు నవ్వించి పారేస్తాడు. కానీ పందిరి గుడ్డ మాట ఆమె ఊరికే అనలేదు. ఆమె చేతి కిందనుంచి పోయిన గుడ్డ ఎంతని, చుట్టలుచుట్టలుగా, పెట్టెలకెత్తి, లారీలకెత్తి, ఎక్కడికి పోయేదో ఎవరూ వచ్చి చెప్పిందీ లేదు, చూపించిందీ లేదు. పెంచి పెద్దచేసి పంపేసిన పిల్లలు ఎవరింట్లో ఉన్నారో తెలియనట్టు. ఆ బొమ్మలో నగరం వీధిలో ఎర్రచారా తెల్లచారా, తెల్లచార పక్కన సన్నగా నీలంపోగు, ఆ నీలంపోగును ఎన్నివేలసార్లు ముడేసిందో ఈ వేళ్లకు తెలియదా, అది తనదే, తన గుడ్డ కింద ముక్కూమొహం తెలియనివాళ్లు కూర్చుని కాఫీ తాగుతున్నారు, వాళ్ల మొహాలు చూడాలి, కిటికీ తెరలు చూడాలి, కోట్లు చూడాలి, గుడ్డ పట్టుకు చూస్తే తంతారేమో, తన్నినా సరే. ఇంత ఉంది కడుపులో. అదంతా మేస్త్రీకి చెబుదామని వంటగది వైపు వెళ్తే గడప దగ్గరే కాళ్లు ఆగిపోయాయి, లోపల తండ్రీకూతుళ్లిద్దరూ, గొంతులు వినపడలేదు, కూతురి పెదవులు మాత్రం దీపం కింద అక్షరాల్లాగా స్పష్టంగా, "అమ్మకి వినపడదుగా నాన్నా, అంత పెద్ద ఊళ్లో రోడ్డెలా దాటుతుంది? సముద్రమైతే గొడవలేదు, కూర్చోబెట్టొచ్చు." ఆయన తల ఊపాడు. కూర్చోబెట్టొచ్చట, గోడ గడియారంలాగా. ఆ మర్నాడే ఆమె తనంతట తను ఈ చెవుల ఆసుపత్రికి ఫోను చేయించింది. నా చెవి ఎంత ఉందో కాయితం మీద రాసిమ్మను, ఆ కాయితం పట్టుకుని ట్రావెల్స్ కొట్టుకెళ్లి నగరం అంటాను, అప్పుడు చూద్దాం ఎవరు ఎవర్ని కూర్చోబెడతారో.

అందుకే నొక్కుతోంది. కూత, నొక్కు, కూత, నొక్కు, అద్దం అవతల ఆ అమ్మాయి తెరవైపు చూసి కనుబొమలెగరేసింది, మెచ్చుకున్నట్టే ఉంది, మెచ్చుకోదూ మరి. కొన్ని కూతలు లావుగా దున్నపోతు మూలిగినట్టు వస్తున్నాయి, కొన్ని ఉన్నాయో లేవో తేలని దోమలు, ఆ దోమల దగ్గరే తంటా, కానీ తంటా ఏమీ పడకుండానే వేలు దానంతటది పనిచేసుకుపోతోంది, చిత్రంగా, ఆమె చెవి ఇంకా ఆలోచిస్తుండగానే వేలు నొక్కేస్తోంది. షెడ్డులో ఆమెను డేగ అనేవాళ్లు. ఈ చివర నిలబడి ఆ చివరి మగ్గంలో తెగబోయే పోగును చూసేదని. తెగిన పోగును ఎవరైనా చూస్తారు, తెగబోయేదాన్ని చూడటమే డేగతనం. మేస్త్రీ అయితే ఇంకాస్త సాగదీసి, మా ఆవిడ ఇంట్లో కూర్చుని షెడ్డులో పోగు తెగిందని చెబితే నేను పరిగెత్తుకెళ్లి అతికించేవాణ్ణి అని చెప్పుకునేవాడు. ఆ కన్ను ఇప్పుడూ దాని పని అది చేస్తోంది, ఆమెను అడక్కుండా. ఎవరి వైపు చూస్తోంది? అద్దం అవతల ఆ అమ్మాయి మోచెయ్యి. కూత పెట్టేముందు మోచెయ్యి బెత్తెడు కాదు, గోరంత పైకి లేస్తుంది, లేవగానే వేలు నొక్కుతుంది. ఓహో, ఇదా సంగతి. తప్పా? వినపడితే నొక్కమన్నారు, చూస్తే నొక్కొద్దని ఎవరన్నారు?

మోచెయ్యి లేచింది, నొక్కింది. లేచింది, నొక్కింది. చిప్పల్లోంచి ఆ అమ్మాయి గొంతు పెద్దగా, దగ్గరగా, తలలో కూర్చుని మాట్లాడినట్టు వచ్చింది.

"అమ్మా, ఇందాకట్నుంచి నేనసలు కూతే పెట్టడంలేదు. ఊరికే చెయ్యి ఆడించానంతే."

"అలాగా? నాకు వినపడిందే!"

"ఏం వినపడింది?"

"నీ మోచెయ్యి."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక బల్లమీద తలవాల్చేసింది, చిప్పల్లో ఆ నవ్వు గలగలమని, నవ్వు ఇంత వివరంగా విని ఎంతకాలమైందో, నవ్వులో కూడా మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటారన్న సంగతే మరిచిపోయింది. "మీలాంటి దొంగను నేను చూళ్లేదమ్మా. మళ్లీ మొదట్నుంచి. ఈసారి నన్ను చూడ్డానికి వీల్లేదు." కుర్చీ చక్రాలమీద జరిగి, మిషనును తిప్పుకుని, గోడ చాటుకు పోయి కూర్చుంది. ఇక అద్దంలో మోచెయ్యి లేదు, మనిషే లేదు, ఖాళీ. ఖాళీ అంటే ఖాళీ కాదు, ఆ అమ్మాయి అడ్డు తొలగేసరికి ఆ గది అవతలి అద్దాల తలుపు కనపడింది, దాని అవతల జనం కూర్చునే చోటు, వరసగా కుర్చీలు, ఆ కుర్చీల్లో మేస్త్రీ.

మేస్త్రీ చేతులు గాల్లో ఉన్నాయి. అంటే కోతలు మొదలయ్యాయన్నమాట. పక్కన ఒక చెవిలో దూది పెట్టుకున్న మనిషి, ఒక చెయ్యి మాత్రం మోచేతిదాకా ఎండకు కమిలి నల్లగా ఉంది, లారీ నడుపుతాడు కాబోలు, కిటికీ వైపు చెయ్యది. అతనికి వినపడుతోందో లేదో గాని మేస్త్రీకి అదేం పట్టదు, షెడ్డు మనుషుల చేతులు ఊరుకోలేవు, నోరు చెప్పేదంతా చేతులు కూడా చెప్పాల్సిందే. మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే నోరు దండగ, పక్కన నిలబడి గొంతు చించుకున్నా పెదవులు కదలడమే తప్ప మాట పుట్టదు, అందుకని షెడ్డులో మాటలన్నీ చేతులకు దిగాయి. రెండు వేళ్లు జతచేసి పుటుక్కున విడదీస్తే తెగిన పోగు. అరచెయ్యి గొంతుకు అడ్డంగా గీస్తే ఆపు, ప్రమాదం. ముక్కు కింద వేలు అడ్డంగా పెడితే మేనేజరు, ఆ మీసాల మేనేజరు పోయి ఆయన స్థానంలో ఆడమనిషి వచ్చినా ఆవిడకూ అదే మీసం ఖాయమైంది. ఆ చేతుల్తోనే తిట్టుకున్నారు, ఆ చేతుల్తోనే పిల్ల జ్వరం సంగతి చెప్పుకున్నారు, ఆ చేతుల్తోనే, అబ్బ, అప్పుడు మేస్త్రీకి తలనిండా జుట్టు, భుజంమీద పానా, రెండు వరసల మగ్గాల అవతల నిలబడి ఆమె వైపు చూపించి, తన గుండె వైపు చూపించి, రెండు చేతులూ ముడేశాడు. షెడ్డు షెడ్డంతా చూసింది. ఆడవాళ్లు తలొకరూ ఆమె తరఫున జవాబు చెప్పేస్తున్నారు చేతుల్తో, ఒప్పుకోమని ఒకతె, వద్దు వాడికి కోతలెక్కువ అని ఒకతె. ఆమె నిదానంగా దారపు కండె మార్చి, అప్పుడు తలెత్తి, రెండు వేళ్లు జతచేసి విడదీసి ఆయన వెనకాల చూపించింది, నీ వెనక మగ్గంలో పోగు తెగింది, ముందు అది చూసుకో. ఆయన వెనక్కి తిరిగి చూసి పోగు ముడేసి మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె నవ్వుతోంది. అంతే, అదే ఒప్పుకోవడం.

దోమలాంటి కూత, నిజమైనదే, నొక్కింది. ఇంకోటి, ఏమో, వదిలేసింది. మేస్త్రీ ఇప్పుడు చొక్కా కథ చెబుతున్నాడు, రొమ్ము దగ్గర చొక్కా పట్టుకుని గుంజాడు, వేలితో గిరగిరా చక్రం తిప్పాడు, అదే, మగ్గం బెల్టు ఆయన చొక్కాను లాక్కుపోయి, దారాలుదారాలుగా విప్పి, మళ్లీ కాలరుతో సహా నేసి ఇచ్చిన కథ, అదీ ఒక సైజు పెద్దదిగా, వయసు మీదపడితే పొట్ట వస్తుందని మగ్గానికి ముందే తెలుసు కనక. డ్రైవరు తొడ చరుచుకుని నవ్వుతున్నాడు. ఈ కథ వినడం ఆమె ఎప్పుడో మానేసింది, వినపడక మానేసిందా విసిగి మానేసిందా, రెండూనేమో, కానీ చూడటం మానలేదు. గొంతు ఎలా ఉండేదో సరిగా గుర్తులేదుగాని చేతులు మాత్రం అవే, గోళ్ల సందున నల్ల గ్రీజు ఇంకా పోలేదు.

డ్రైవరు ఏదో అడిగాడు. అతని వీపు ఇటుంది, అడిగిందేమిటో తెలియలేదు, జవాబు మాత్రం చేతుల్లో పెట్టి అందించినట్టు వచ్చింది. మేస్త్రీ కంటి పక్కన వేలు కొక్కెంలా వంచాడు, డేగ, అంటే తను. తర్వాత మేనేజరు మీసం, ఆ పైన ఒక పెట్టె, పెట్టె మీద పెట్టె, పెట్టె మీద పెట్టె. నగరానికి షెడ్డు భాషలో మాటేది, షెడ్డులో మేడమీద ఉన్నది మేనేజరు గది ఒక్కటే, కాబట్టి నగరమంటే మేనేజరు గది మీద మేనేజరు గది, ఇంట్లో పోట్లాటలకోసం ఇద్దరూ కలిసి కనిపెట్టుకున్నారు. సముద్రానికేమో గంజి తొట్టి, పోగులకు గంజి పట్టించే తొట్టి, చేతులు రెండూ చాచి చాచి ఇక చాచలేనంత తొట్టి. ఆ తొట్టి కూడా వచ్చింది ఇప్పుడు, వచ్చి ఆయన రొమ్ము దగ్గర ఆగింది. ఆవిడకు నగరం, నాకు సముద్రం. అర్థమైంది. ఎందుకని అడుగుతాడు ఆ డ్రైవరు, ఎవరైనా అడుగుతారు, అడిగినట్టే ఉన్నాడు, తల పక్కకు వంచాడు. ఇప్పుడు ఆ చెయ్యి చెవి దగ్గరికి పోతుంది. పోనీ, చూద్దాం, నాలుగు గోడల మధ్య కూతురితో తల ఊపినవాడు ముక్కూమొహం తెలియనివాడి ముందు నా పెళ్లాం చెవిటిది అని చెబుతాడా, చెప్పనీ, చెప్పాక బయటికొస్తాను, వచ్చాక ఉంది. చెయ్యి లేచింది. గడ్డం దాటింది. కూత ఏదో వచ్చింది, రానీ. చెయ్యి చెవి దాకా పోలేదు. పెదవుల దగ్గర ఆగింది. రెండు వేళ్లు జతగా పెదవులమీద ఆనాయి, పుటుక్కున విడిపోయాయి.

తెగిన పోగు. నోటి దగ్గర తెగిన పోగు.

మళ్లీ చూసింది, డేగకన్నుకు కూడా ఒక్కోసారి మళ్లీ చూడాల్సి వస్తుంది. ఆయన తనవైపే చూపించుకున్నాడు, పెట్టెలమీద పెట్టెల నగరం చూపించాడు, నోటి దగ్గర పోగు తెంపాడు, అరచేతిని గొంతుకు అడ్డంగా గీశాడు, ప్రమాదం, ఆపు. డ్రైవరు నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాడు, కానీ చేతులు రెండూ ఒళ్లో పడిపోయాయి, వెల్లకిలా, పనిలేనట్టు. ఆ చేతులు అలా పడి ఉండటం ఆమె ఇంతవరకూ చూడలేదు, నిద్రలో కూడా ఏదో ఒకటి బిగిస్తూనే ఉంటాయవి.

అయితే ఇదా. చెవి కాదా, నోరా. తన భయం కాదు, ఆయన భయం. అవును మరి, ఆ నగరంలో ఆయన మాట ఎక్కడ చెల్లుతుంది, ఊరు దాటితే చెల్లని బిళ్లలాగా జేబులో పడి మోగడమే, కాఫీకొట్టువాడితో పరాచికాలాడలేడు, బస్సులో పక్కవాణ్ణి పట్టుకుని చొక్కా కథ చెప్పలేడు, దారి అడగలేడు, ఎవడో ఏదో అంటే అది తిట్టో దీవెనో తెలియదు. నోరు లేకపోతే మేస్త్రీలో మిగిలేదేమిటి, ఒక పానా, ఒక పొట్ట. సముద్రమైతే అలలకు భాష అక్కర్లేదు, వాటికి ఎన్ని కోతలైనా కోయొచ్చు, అవి మళ్లీమళ్లీ వచ్చి వింటాయి. అందుకన్నమాట ఆ తల ఊపడం, కూతురు తేరగా ఒక కారణం అందిస్తే దాని వెనక దూరి దాక్కున్నాడు, పిరికివెధవ, ఎంత ముద్దొచ్చాడో.

ముద్దు రావడమేమిటి, కోపం రావాలి కదా. రాదే. ఆ దేశం తనకు తెలుసు కనక రాదు. మాటలు అందని దేశంలో తను పాత కాపు. మొదట్లో ఎంత తడబాటు, పక్కింటావిడ ఏదో చెబుతుంటే నవ్వుతూ తల ఊపింది, ఆవిడ చెబుతున్నది అత్తగారు పోయిన సంగతి. రొట్టెల కొట్టులో వాడు అడిగినదానికల్లా అవునవునంటే ఇంటికి మోయలేనన్ని రొట్టెలు కట్టిచ్చాడు, వారమంతా అవే, మేస్త్రీ వాటితో గోడ కట్టొచ్చన్నాడు. తర్వాత తర్వాత తెలివొచ్చింది. ముందు మొహం చూడాలి, తర్వాత చేతులు, తర్వాత అందరూ ఎటు చూస్తున్నారో అటు. అడిగితే వేలితో చూపించే జవాబు వచ్చేట్టు అడగాలి. తెలియకపోతే తెలియలేదని చెప్పడం అన్నిటికంటే ఆఖర్న నేర్చుకుంది, అది నేర్చుకున్నాక రోడ్లు దాటడం ఎంత, ఆఫీసులకెళ్లి పని చేయించుకొస్తోంది, డాక్టరు దగ్గర కూర్చుంటోంది, పోట్లాడుతోంది కూడా, గెలుస్తోంది కూడా. ఇంతా అయ్యాక ఆమెను ఒడ్డున కూర్చోబెడతారట! సరేలే, ఆయన భయం ఆయనది. సముద్రమే అనేస్తే ఏం పోయింది, చారల కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంటే తను మాత్రం అరిగిపోతుందా, ఆయన అలలతో మాట్లాడుకుంటాడు, తను ఆయన చేతులు చూసుకుంటుంది, పందిరి గుడ్డ ఎక్కడికి పోతుంది, ఇచ్చేద్దాం, సముద్రం ఇచ్చేద్దాం ముసలాయనకు.

"అమ్మా, నిద్రపోయారా?" చిప్పల్లో ఆ అమ్మాయి.

"లేదమ్మా, ప్రయాణంలో ఉన్నా."

తర్వాత మాటలు చెప్పించింది, చాటునుంచే, నేను అన్నది మీరు అనండి అని. గొడుగు అంది, గొడుగు. కిటికీ అంది, కిటికీ. మాటలు ఒక్కొక్కటే చిన్నవైపోతూ, దూదిలో చుట్టి విసిరినట్టు, తర్వాత దూది మాత్రమే. ఆమె తెలియలేదు, తెలియలేదు అని చెబుతూపోయింది, గొంతులో ఏ వణుకూ లేకుండా. పరీక్ష తప్పిందని ఆమెకు తెలిసిపోయింది. పందెం తనది, ఓడిందీ తనే, అయినా దుఃఖం రావాల్సిన చోట ఒక సముద్రాన్ని దానం చేస్తున్న పెద్దరికం వచ్చి కూర్చుంది, కాలుమీద కాలేసుకుని.

తలుపు తెరుచుకుంది, లోకం ఒక్కసారి లోపలికి తోసుకొచ్చింది, దానివెనకే మేస్త్రీ. ఆ అమ్మాయి చేతిలో ఒక కాయితం, గీతలు గీతలు, ఆ కాయితం పట్టుకుని గబగబా చెప్పుకుపోతోంది, ఆమెకు కాదు, ఆయనకు, అందరూ అంతే, చెవి ఒకరిది, చెప్పేది ఇంకొకరికి. ఏదో పౌనఃపున్యమట, ఏవో డెసిబెల్సట, కుడి ఇంత, ఎడమ అంత, ఈ గీత దాటితే ఫలానా, దాటకపోతే ఫలానా, రెండు రకాల మిషన్లు, వాటిలో మళ్లీ రకాలు. పెదవులమీంచి ఆమెకు సగం అందింది, సగం జారిపోయింది. జారిపోయిందేమిటని అలవాటుగా మేస్త్రీ మొహం చూసింది. ఆయన నవ్వుతున్నాడు. అక్కర్లేనంత వెడల్పుగా నవ్వుతున్నాడు, కళ్లు ఆ అమ్మాయి నోటికి అతుక్కుపోయాయి, మాట ముగియకముందే తల ఊగుతోంది, అవునవును, అలాగలాగే. ఆ నవ్వును ఆమె ఎప్పుడూ ఎదుటినుంచి చూడలేదు. లోపలినుంచి మాత్రమే తెలుసు, ఆ పెదవులు లాగిపట్టి ఉంచడానికి దవడ ఎంత నొప్పెడుతుందో తెలుసు. అది తన నవ్వు. మేస్త్రీ మొహంమీద తన నవ్వు.

ఓరి నాయనో, ఈయన అప్పుడే ఆ దేశంలో దిగిపోయాడు. విమానం లేదు, టిక్కెట్టు లేదు, నిలబడ్డ చోటే దిగిపోయాడు. పైగా చావలేదు, నిలబడే ఉన్నాడు, కాస్త చెమట పట్టిందంతే. తను కూడా చావలేదు, ఇన్నేళ్లలో. మరి ఈయన్ని ఒడ్డున కూర్చోబెట్టాలని ఇందాక తనెవరు తీర్పు చెప్పడానికి? పాపం, ఆయన వల్లకాదు, ఇసుకలో కూర్చోబెడదాం, గొడవలేదు, అచ్చం కూతురి మాటే, దీపం కింద అక్షరాల్లాంటి మాట, ఈ నోట్లోకి ఎలా వచ్చింది? పెద్దరికం కాలుమీంచి కాలు తీసి లేచి వెళ్లిపోయింది. మంచిదే.

ఆ అమ్మాయి ఇద్దర్నీ బయట కుర్చీల దగ్గర కూర్చోబెట్టి, మిషను రకాలు తేవడానికి లోపలికి వెళ్లింది. ఆమె మొగుడి మోచెయ్యి పట్టుకుంది.

"ఏమర్థమైందయ్యా?"

"అంతా అర్థమైంది. నీ చెవులకు మిషన్లు పెట్టాలట."

"అది నాకూ తెలుసు. ఆ గీతలేంటి? కుడికీ ఎడమకీ ఆ తేడా ఏంటి?"

మేస్త్రీ నోరు తెరిచాడు. కోత ఏదో వచ్చినట్టే వచ్చి దారి తప్పింది. "ఏమోనే," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం ఆమెకు అదే మొదలు, పెదవులమీద చూడటం కూడా.

"నగరం," అందామె.

"అది కాదే, నీ చెవి..."

"నా చెవి మీదికి నెట్టకు. నీ నోటి సంగతి నాకు తెలుసు. అద్దంలోంచి చూశా."

ఆయన అద్దాల తలుపు చూశాడు, దాని అవతలి అద్దం చూశాడు, తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు, చాడీలు చెప్పొచ్చిన పిల్లల్ని చూసినట్టు. పక్కన డ్రైవరు గోడమీది పటాన్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

"అక్కడ నా మాట ఒక్కడికీ అర్థం కాదే. నేనేమైపోవాలి?"

"నేనేమైపోయాను?"

ఆయన ఆమె చెవి వైపు చూశాడు, తర్వాత మొహం వైపు. "కష్టంగా ఉంటుందా?" అన్నాడు, చిన్నగా, కానీ పెదవులు బాగా కదిపి, ఆమెకు అందేట్టు.

"మొదట్లో ఉంటుంది. ఎక్కువ రొట్టెలు కొంటావు. నేను తీసుకెళ్తాగా."

మిషన్లకు కొలతలు ఇంకోరోజు ఇస్తామని చెప్పి ఇద్దరూ బయటపడ్డారు. రోడ్డు మీద శనివారం సాయంత్రపు బళ్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోతున్నాయి, ఆమె అటూ ఇటూ చూసి, ఆయన చెయ్యి పట్టుకుని, బస్సుకీ వ్యానుకీ మధ్య సందు దొరకగానే దాటించేసింది, ఆయన ఇంకా కాలి చెప్పు సర్దుకుంటుండగానే. కొట్టు చేరేసరికి ట్రావెల్స్ ఆవిడ తాళాలగుత్తి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే ఉంది.

"మీ కోసమే చూస్తున్నా. సముద్రమా, నగరమా, తేల్చారా?"

మేస్త్రీ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. మూశాడు. ఆమె వైపు తిరిగి, కళ్లు చికిలించి, ఆమె మొహం చూస్తూ ఆగాడు.

ఆమె ఏమీ తొందరపడకుండా, ముక్కు కింద వేలు అడ్డంగా పెట్టి, గాల్లో పెట్టె మీద పెట్టె పేర్చడం మొదలుపెట్టింది.